నరం అంటే ఏ నరం? (పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు)

ఈ నెల ఉత్తరాలు చాలా వచ్చాయి, ఫోన్ మెసేజ్‌లు అంతకంటే ఎక్కువ. దేవరకొండ నుంచి మక్తల్ దాకా ఎక్కడెక్కడి వాళ్లో రాశారు. వరసగా చదువుతుంటే ఒకే సంగతి మళ్లీ మళ్లీ కనిపించింది. నొప్పి ఒకచోట చెబుతున్నారు, లోపం ఇంకోచోట ఉంటోంది, మందు మాత్రం నొప్పి ఉన్నచోటికే వాడుతున్నారు. అందుకే ఈసారి అలాంటి ఉత్తరాలే ఏరి పెట్టాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం చెబుతున్నాను.

ప్రశ్న: మేడం, నేను పదో తరగతి చదువుతున్నాను. మన శరీరంలో ఎన్ని వ్యవస్థలు ఉన్నాయన్నది ఒక్కో పుస్తకంలో ఒక్కో తీరుగా ఉంది. ఒకదాంట్లో ఎనిమిది అని, ఇంకోదాంట్లో పదకొండు అని. ఏది కరెక్ట్? అన్నీ గుర్తుండటానికి ఏదైనా ఉపాయం చెప్పండి. (దేవరకొండ)

జవాబు: బిడ్డా, పరీక్షలో మీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే రాయి. మా చదువులో మామూలుగా పదకొండు అని చెబుతారు: చర్మం, ఎముకలు, కండరాలు, నాడులు, హార్మోన్లు వదిలే గ్రంథులు, రక్తప్రసరణ, శోషరసం, శ్వాస, జీర్ణం, విసర్జన, ప్రత్యుత్పత్తి. ఎముకలను, కండరాలను కలిపి ఒకటే అనుకుంటే లెక్క పదికి దిగుతుంది, ఇంకేదో కలిపితే తొమ్మిది అవుతుంది. చదువుకోవడానికి వీలుగా మనం గీసుకున్న గీతలు ఇవి, లోపల అలాంటి గోడలేమీ లేవు. క్లోమాన్నే చూడు, పేగులోకి జీర్ణరసం పంపేదీ అదే, రక్తంలోకి ఇన్సులిన్ వదిలేదీ అదే. దాన్ని ఏ వ్యవస్థలో రాస్తావు? రెండింటిలోనూ రాయాలి.

ఎనిమిదే ఉన్న పుస్తకంలో తరచుగా తప్పిపోయేది శోషరస వ్యవస్థ. సన్నని రక్తనాళాల నుంచి కణాల మధ్యకు ఊరిన నీరంతా తిరిగి రక్తంలోకి పోదు, రోజుకు రెండు మూడు లీటర్లు బయటే మిగులుతుంది. దాన్ని పోగుచేసి తిరిగి రక్తంలో కలిపేవి శోషరస నాళాలు. మన నల్గొండ వైపు పెద్దవాళ్లలో బోదకాలు ఉన్నవాళ్లను చూసే ఉంటావు. క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు వచ్చిన సన్నని పురుగులు ఈ నాళాల్లో చేరి వాటిని పాడుచేస్తాయి, నీరు పైకి పోలేక కాలు ఉబ్బుతుంది. కాబట్టి బోదకాలు పుట్టింది కాలులో కాదు, ఆ నాళాల్లో.

ఉపాయం అడిగావు కదా, నాకు తెలిసింది ఒకటే. ఆదివారం మీ నాన్నతో మటన్ దుకాణానికి పో. అక్కడ కార్జం, గుర్దా, తిల్లి, బోటి అని అడుగుతుంటారు. కార్జం అంటే కాలేయం, గుర్దా అంటే మూత్రపిండం, తిల్లి అంటే ప్లీహం, బోటి అంటే పేగులు. ఒక గుర్దా, ఒక గుండె ఇంటికి తెచ్చుకుని అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కోసి చూడు. గుర్దాను చిక్కుడు గింజను చీల్చినట్టు నిలువున రెండు చేస్తే పైన ఒక రంగు పొర, లోపల ముదురు రంగు పొర కనిపిస్తాయి, అవే మీ పుస్తకంలోని వల్కలం, దవ్వ. లోపలికి నొక్కుకుపోయిన చోట మూడు గొట్టాలు ఉంటాయి, రక్తం తెచ్చేది, తీసుకుపోయేది, మూత్రం దించేది. గుండెను అడ్డంగా కోస్తే ఎడమ వైపు గోడ కుడి వైపు గోడ కంటే ఎంతో మందంగా ఉంటుంది. కుడి వైపు రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా నెడితే చాలు, ఎడమ వైపు మాత్రం నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా నెట్టాలి. పని ఎక్కువైనచోట గోడ మందమైంది. ఒకసారి వేలితో తడిమి చూశావంటే ఇక బట్టీ పట్టే పని ఉండదు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కో.

ప్రశ్న: డాక్టరమ్మా, మా అత్తమ్మకు అరవై ఏళ్లు. ఎనిమిదేళ్ల నుంచి షుగర్. పిక్కల మీద నరాలు ఉబ్బి నీలంగా, వంకరటింకరగా తేలాయి. అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు, రాత్రి నిద్ర ఉండదు. మా ఊరి ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని వారానికో ఇంజక్షన్ వేస్తున్నాడు. తగ్గడం లేదు. (కల్వకుర్తి)

జవాబు: అమ్మా, మన భాషలో నరం అనే మాట ఒక్కటే, అది పడే పాట్లు మాత్రం మూడు. సెలైన్ 'నరానికి ఎక్కించారు' అంటాం, అక్కడ నరం అంటే సిర, రక్తనాళం. 'నరాల డాక్టర్' అన్నప్పుడు నరం అంటే నాడి, కబురు మోసే తీగ లాంటిది. రాత్రి పిక్క బిగుసుకుపోతే 'నరం పట్టింది' అంటాం, అప్పుడు పట్టింది కండరం. మీ అత్తమ్మకు ఒకటి కాదు, రెండు వేరు వేరు జబ్బులు ఉన్నాయి. మాట ఒక్కటే కావడంతో రెండూ ఒకే ఇంజక్షన్ కిందికి పోయాయి.

నీలంగా తేలినవి సిరలు. కాళ్లలోని రక్తం కిందినుంచి పైకి ఎక్కాలి కదా, కిందికి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలు ఉంటాయి, నడిచినప్పుడల్లా పిక్క కండరం పిండి పైకి తోస్తుంది. ఏళ్ల తరబడి నిలబడి పని చేసినవాళ్లలో, ఎక్కువ కాన్పులైనవాళ్లలో ఆ కవాటాలు వదులై రక్తం కిందే నిలుస్తుంది. దీనికి బలం ఇంజక్షన్ ఏ రకంగానూ పనికిరాదు. పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండు పెట్టండి, ఒకేచోట గంటల తరబడి నిలబడనివ్వకండి, సర్జన్‌కు చూపించండి. కాలికి బిగించే మేజోళ్లు వాడొచ్చో లేదో ఆయనే పరీక్షచేసి చెబుతారు.

మంటలు, తిమ్మిర్లు నాడులవి. షుగర్ అదుపులో లేకపోతే ముందు దెబ్బతినేవి పొడుగాటి నాడులు. నడుము నుంచి కాలివేళ్ల దాకా దాదాపు మీటరు పొడవు ఉండే నాడులు ఉన్నాయి, అందుకే తిమ్మిరి వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. షుగర్‌కు వేసుకునే మెట్‌ఫార్మిన్ గోలీ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది, అది కూడా తిమ్మిర్లకు కారణం కావచ్చు. అలా తగ్గినవాళ్లకు ఆ ఇంజక్షన్ పనిచేస్తుంది. కానీ తగ్గిందో లేదో రక్తపరీక్షతో తేలాలి, అందాజుగా వేయకూడదు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష కూడా చేయించండి.

ఇప్పుడు మంట ఉంది కాబట్టి కష్టం తెలుస్తోంది. ఆ తర్వాత మంట పోయి మొద్దుబారితే, తగ్గిందని సంతోషించకండి. నా దగ్గరికి ఒక పెద్దమ్మ దగ్గుకు మందు కోసం వచ్చింది, నడుస్తుంటే చెప్పు టక్ టక్ మంటోంది. తీసి చూస్తే తుమ్మ ముల్లు చెప్పులోంచి దిగి మడమలో వేలు గోరంత లోతున ఉంది, చుట్టూ చీము పట్టింది. రెండు రోజులైందట, ఆమెకు తెలియనే లేదు. మీ అత్తమ్మ అరికాళ్లు రోజూ రాత్రి మీరే ఒకసారి దీపం పెట్టి చూడండి, వేళ్ల సందులు కూడా. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమనండి.

ప్రశ్న: మేడం, మాది మర్రిగూడ మండలం. మా నాయనకు యాభై ఎనిమిది. నడుము వంగిపోయింది, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పుతాడు. బోరు నీళ్ల ఫ్లోరైడ్ అన్నారు. నోటితో తాగిన నీళ్లు వెన్నెముకకు ఎట్లా పోయాయి? ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగుతున్నాం కదా, నాయన నడుము మళ్లీ సాఫ్ అవుతుందా?

జవాబు: తమ్ముడూ, ముందు నీ రెండో ప్రశ్నకే చెబుతాను, ఎందుకంటే నువ్వు ఎదురుచూస్తున్నది దాని జవాబుకే. వంగిన నడుము తిరిగి నిలబడదు. మంచి నీళ్లకు మారాక ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ ఏళ్ల మీద కొద్దికొద్దిగా దిగుతుంది, కొందరికి నొప్పులు తగ్గుతాయి, జబ్బు ముదరడం నెమ్మదిస్తుంది. అంతకు మించి ఎవరైనా గ్యారంటీ ఇచ్చి డబ్బులు అడిగితే నమ్మకు.

ఇప్పుడు అసలు దారి చూద్దాం. నీళ్లలోని ఫ్లోరైడ్‌లో చాలా భాగం కడుపులో, చిన్నపేగులో రక్తంలోకి చేరుతుంది. దానికి బయటికి పోయే పెద్ద దారి మూత్రపిండాలే. పెద్దవాళ్లలో సుమారు సగం మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకకు చేరుతుంది. ఒంట్లో నిలిచిన ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఎముకను మనం కట్టె లాంటిదని అనుకుంటాం. అది బతికి ఉన్న పదార్థం, జీవితమంతా ఒకవైపు కరుగుతూ, ఇంకోవైపు కట్టుకుంటూ ఉంటుంది. ఆ కట్టుబడిలో కాల్షియం, ఫాస్ఫేట్‌తో పాటు ఫ్లోరైడ్ కూడా దూరుతుంది. అప్పుడు ఎముక చిక్కబడుతుంది కానీ బలపడదు. అంతటితో ఆగదు, వెన్నుపూసలను కలిపి ఉంచే మెత్తని కట్లు కూడా గట్టిపడి ఎముకలా మారతాయి. మీ నాయన మెడ తిరగనిది అందుకే. వెన్నుపూసల మధ్య నుంచి వెన్నుపాము దిగుతుంది, ఆ సొరంగం ఇరుకైతే కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం మీద అదుపు తప్పడం మొదలవుతాయి. అలాంటివి ఏమైనా కనిపిస్తే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకుపో. చూశావా, నీళ్లు దిగింది జీర్ణవ్యవస్థలోకి, తిరిగింది రక్తంలో, చేరింది ఎముకలో, చివరికి నొక్కింది నాడిని.

నన్ను బాగా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. ఫ్లోరోసిస్ ఉన్న ఇళ్లలో నొప్పి గోలీ బియ్యం డబ్బా పక్కనే ఉంటుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏళ్ల తరబడి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి. డైక్లోఫెనాక్ లాంటి గోలీలు రోజూ మింగితే దెబ్బతినేది మూత్రపిండాలు. ఫ్లోరైడ్ బయటికి పోయే దారేమో అవే. నొప్పి తగ్గించుకోవడానికి వేసుకున్న గోలీ, నొప్పికి కారణమైనదాన్ని లోపలే ఉంచేస్తోంది. నాయనకు మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష తప్పకుండా చేయించు, నొప్పికి ఏది ఎంత వాడాలో డాక్టర్ చేతే రాయించు.

ఇంకో మాట. భగీరథ నీళ్లు తాగడానికే, వంటకు బోరు నీళ్లే అనే ఇళ్లు నేను చాలా చూశాను. పప్పులోకి, అన్నంలోకి పోయేది కూడా ఒంట్లోకే కదా. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి నాగ్‌పూర్ నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టారు, దేశదేశాల పుస్తకాల్లో అది 'నల్గొండ టెక్నిక్'. మన పేరు అక్కడికి ఎందుకు చేరిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్ల మీద దృష్టి పెట్టు. ముందరి శాశ్వత పళ్ల పైపొర తయారయ్యేది మొదటి ఏడెనిమిదేళ్లలో, పిల్లల ఎముకలు పెద్దవాళ్ల ఎముకల కంటే ఎక్కువ ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయి. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, జామ పెట్టండి. నాయనకు చేయలేకపోయింది వాళ్లకు చేయగలం.

ప్రశ్న: నాకు యాభై రెండు. పొలంలో మడవ కట్టడానికి వెళ్లినప్పుడు రెండుసార్లు ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేయి లాగింది, చెమటలు పట్టాయి. కూర్చుంటే తగ్గింది. గ్యాస్ అని గోలీ వేసుకుంటున్నాను. ఏ గోలీ మంచిది? (వనపర్తి)

జవాబు: అన్నా, ఇది చదవడం ఆపి ఈరోజే ఈసీజీ తీయించుకో. పని చేస్తే వచ్చి, కూర్చుంటే తగ్గే ఛాతీ బరువును గ్యాస్ అనుకోకూడదు. గుండె నుంచి వచ్చే నాడులు, చేతి నుంచి వచ్చే నాడులు వెన్నుపాములో దాదాపు ఒకేచోట కలుస్తాయి, అందుకే గుండె మొరపెడితే మెదడుకు అది చేయి నొప్పిగా వినిపిస్తుంది. ఈసీజీ బాగానే ఉందన్నా సరే, ఫిజీషియన్‌కు ఇదంతా ఇలాగే చెప్పు. మళ్లీ వచ్చి, కూర్చున్నా కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే 108కు ఫోన్ చేయి, బండి నడుపుకుంటూ పోకు.

ప్రశ్న: మా వాడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. ఎండకాలం తొడలు పట్టేస్తాయి, మూత్రం ఎర్రగా, మంటగా వస్తుంది. ఒంట్లో వేడి చేసిందని కొబ్బరి నీళ్లు తాగమంటున్నారు. (మక్తల్)

జవాబు: కొబ్బరి నీళ్లు మంచివే, కానీ రోజుకో బోండంతో తీరే లోటు కాదు. ఎండలో ఒళ్లు చల్లబడటానికి గుండె రక్తాన్ని చర్మం వైపు ఎక్కువగా పంపుతుంది, చెమట గ్రంథులు నీరు, ఉప్పు కలిపి బయటికి పోస్తాయి. మూత్రపిండాలకు అందే రక్తం తగ్గుతుంది. అప్పుడు మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి నుంచి వచ్చే ఒక హార్మోన్ 'నీళ్లు వదలకండి' అని మూత్రపిండాలకు చెబుతుంది, మూత్రం కొంచెమే, చిక్కగా వస్తుంది. అదే మీరంటున్న వేడి. ఏటా నెలల తరబడి ఇలాగే సాగితే మూత్రపిండాలే దెబ్బతినొచ్చు.

దాహం అయ్యేదాకా ఆగకుండా అరగంటకోసారి గ్లాసెడు తాగమనండి. ఉత్త నీళ్లే కాదు, ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, మన జొన్న అంబలి. ఓఆర్‌ఎస్ దొరక్కపోతే లీటరు మంచి నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది వేడి కాదు, కండరాలు దెబ్బతిని ఆ రంగు దిగుతూ ఉండొచ్చు, ఆరోజే ఆసుపత్రికి పోవాలి. ఎండలో ఉన్నవాడు తికమకగా మాట్లాడితే ముందు నీడకు లాగి ఒళ్లంతా నీళ్లు పోయాలి, 108 వచ్చేదాకా ఆపకుండా పోస్తూనే ఉండాలి.

ప్రశ్న: అమ్మా, మా ఆయన పన్నెండేళ్లుగా కల్లు తాగుతాడు. పిల్ల పెళ్లి కుదిరిందని ఒక్కసారిగా మానేశాడు. రెండో రోజు చేతులు వణికాయి, నిద్ర లేదు, గోడ మీద ఏవో పాకుతున్నాయన్నాడు, ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. మళ్లీ కల్లు పోస్తే తగ్గింది. ఏం చేయాలో తెలియడం లేదు. (నారాయణపేట)

జవాబు: చెల్లీ, గాలీ కాదు, ధూళీ కాదు. ఆయన మానాలనుకోవడం మంచి మనసు, మానిన పద్ధతే ప్రమాదం.

చెట్టు నుంచి దించిన కల్లు వేరు, దుకాణంలో మందు కలిపిన కల్లు వేరు. మన పాలమూరు వైపు డైజిపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు ఎన్నోసార్లు పట్టుబడింది. 2015లో కల్తీ మీద గట్టిగా దాడులు జరిగి సరుకు ఆగినప్పుడు మీరు రాసిన లక్షణాలతోనే జనం ఆసుపత్రులకు వరస కట్టారు.

మెదడులో ఉరికించేవి, ఆపేవి రెండు రకాల సంకేతాలు ఉంటాయి. బండికి యాక్సిలరేటర్, బ్రేకు ఉన్నట్టు. ఈ మందులు బ్రేకు మీద కాలు పెట్టి నొక్కుతాయి, అందుకే మత్తు, నిద్ర. ఏళ్ల తరబడి బయటినుంచి బ్రేకు అందుతుంటే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. ఒక్క రోజులో బయటి బ్రేకు తీసేస్తే ఆపేవాడు లేడు. చేతుల వణుకు, గుండె దడ, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్, అన్నీ అందులోంచి వచ్చినవే. ప్రాణం కూడా పోవచ్చు.

అందుకని ఇంట్లో మాన్పించకండి. మళ్లీ కల్లు పోస్తూ ఉండటం కూడా దారి కాదు. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకుపోండి, అక్కడ చేర్చుకుని అలాంటి మందునే లెక్కగా ఇచ్చి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని సీసాలు, దాచకుండా చెప్పండి. మొహమాటం ఉంటే ముందు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడండి, అది ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబర్, ఉచితం. మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టి టైము పోగొట్టుకోవద్దు, 108కు చేయండి. పెళ్లికి ఇంకా టైము ఉందని రాశారు, ఇప్పుడు చేరితే పెళ్లిపీటల దగ్గర ఆయన నిలకడగా కూర్చునే అవకాశం బాగా ఉంది.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల పాప, 'అమ్మా, తమ్ముడు నీ కడుపులో ఉన్నప్పుడు నువ్వు తిన్న అన్నం వాడి మీద పడిందా?' అని అడిగింది. నవ్వి ఊరుకున్నాం. ఏం చెప్పాలి? (మిర్యాలగూడ)

జవాబు: ఎంత మంచి ప్రశ్న వేసిందమ్మా. మనం రెండింటినీ కడుపే అంటాం కాబట్టి పాపకు ఆ అనుమానం రావడం సహజం. అన్నం పోయే సంచి వేరు, తమ్ముడు ఉన్న సంచి వేరు అని చెప్పండి. అన్నం సంచి పొట్ట పైభాగంలో కొంచెం ఎడమ పక్కకు ఉంటుంది, తమ్ముడి సంచి కింద ఉంటుంది, దాని పేరు గర్భాశయం. మీరు తిన్నది పేగుల్లో కరిగి రక్తంలో కలిసి, ఆ రక్తం నుంచి మాయ ద్వారా బొడ్డుతాడులోంచి వాడికి చేరింది. మీ రక్తం, వాడి రక్తం కలవలేదు, మాయలో పలచని పొర అడ్డంగా ఉంటుంది, కావాల్సినవి దాన్ని దాటి పోతాయి. చివరగా తమ్ముడి బొడ్డు చూపించి, వాడు అన్నం తిన్న దారి ఇదేనని చెప్పండి. తర్వాత తన బొడ్డు కూడా చూసుకుంటుంది.